కాంటాక్టుల జాబితాను సరిచేయడం: తొలగింపు చివరి పని

ఫోన్‌లోని కాంటాక్టుల జాబితాను శుభ్రం చేద్దామని కూర్చున్నవారిలో చాలామంది మొదట చేసే పని, పై నుంచి కింది దాకా చూసుకుంటూ వెళ్ళి గుర్తుపట్టలేని పేర్లను ఒక్కొక్కటిగా తీసివేయడం. నా ఉద్దేశంలో అది చివరికి మిగలవలసిన పని. జాబితా పొడవుగా ఉండడం వల్ల పెద్ద ఇబ్బంది లేదు. వెయ్యి పేర్లున్నా, ప్రతి పేరూ ఫలానా మనిషిని స్పష్టంగా చూపిస్తూ, ప్రతి నంబరూ ఇప్పటికీ ఆ మనిషిదే అయి ఉంటే, నాలుగు అక్షరాలు టైపు చేయగానే కావలసినవారు దొరుకుతారు. రెండు వందల పేర్లే ఉన్నా, వాటిలో ‘రవి’, ‘రవి కొత్తది’, ‘రవి ఆఫీసు’, ‘రవి 2’ అని నాలుగు ఉండి, ఆ నలుగురూ ఒకరో ఇద్దరో ముగ్గురో తెలియనప్పుడు మాత్రం, అత్యవసరంగా ఒకరితో మాట్లాడవలసిన సమయంలో ఆ జాబితా మనకు అక్కరకు రాదు. అందువల్ల ఈ పనిలో ముఖ్యమైనది ఎంతమందిని తీసివేశామన్నది కాదని, ఉన్నవారిలో ఎంతమందిని తిరిగి గుర్తుపట్టగలిగేలా చేశామన్నదేనని నేను నమ్ముతాను.

ఒకే మనిషి పేరు మూడు నాలుగు సార్లు ఎందుకు కనిపిస్తుందో తెలుసుకోకుండా పని మొదలుపెడితే, ఈ రోజు తీసివేసినది రేపు మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. తెర మీద అంతా ఒకే జాబితాలా కనిపించినా, నిజానికి కాంటాక్టులు వేరువేరు చోట్ల నిల్వ ఉంటాయి: కొన్ని సిమ్ కార్డులో, కొన్ని ఫోన్ సొంత మెమరీలో, కొన్ని గూగుల్ ఖాతాలోనో ఐక్లౌడ్‌లోనో, మరికొన్ని ఉద్యోగం చేసే సంస్థ ఇచ్చిన మెయిల్ ఖాతాలో. ఆండ్రాయిడ్‌లో 2009లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి, వేరువేరు ఖాతాల్లో ఉన్న వివరాలను పోలికను బట్టి జతచేసి ఒకే కార్డుగా చూపించే ఏర్పాటు ఉంది. మనకు కనిపించేది ఆ జతచేసిన కార్డు. దాని వెనుక రెండు మూడు విడి కాంటాక్టులు ఉండవచ్చు. వాట్సాప్, టెలిగ్రామ్ వంటి యాప్‌లు కూడా తమ వంతుగా ఒక్కొక్కటి దానికి తగిలిస్తాయి. పోలిక కుదిరినంత వరకు ఇవన్నీ ఒకటిగా కనిపిస్తాయి, ఒక చోట పేరు కొద్దిగా తేడాగా ఉంటే విడిపోయి రెండుగా కనిపిస్తాయి. దీనికి తోడు, జీమెయిల్‌లో మనం ఉత్తరం పంపిన చిరునామాలు వాటంతట అవే ‘ఇతర కాంటాక్టులు’ అనే విభాగంలో చేరుతుంటాయి. అది అక్కరలేదనుకునేవారు జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఆపివేసుకోవచ్చు.

కాబట్టి ముందుగా తేల్చుకోవలసినది, ఇకపై కాంటాక్టులన్నీ ఏ ఒక్క ఖాతాలో ఉండాలన్న విషయం. అది గూగుల్ అయినా ఐక్లౌడ్ అయినా ఫరవాలేదు, ఒకటే ఉండాలి. నిర్ణయించుకున్న వెంటనే, కొత్తగా సేవ్ చేసే నంబర్లు అందులోకే వెళ్ళేలా కాంటాక్ట్స్ యాప్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ ఖాతాను మార్చాలి. ఈ చిన్న మార్పు చేయకుండా ఎంత సర్దినా, పది రోజుల్లో మళ్ళీ కొన్ని నంబర్లు సిమ్‌లో, కొన్ని ఫోన్‌లో చేరతాయి. సిమ్ కార్డును మాత్రం నిల్వ స్థలంగా ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను. సాధారణంగా దానిలో 250 పేర్లకు మించి చోటు ఉండదు. చాలా సిమ్‌లలో ఒక పేరుకు ఒక్క నంబరే పడుతుంది. చిరునామా, మెయిల్, గుర్తుగా రాసుకున్న మాట వంటివి ఏవీ నిలవవు. తెలుగులో రాసిన పేర్లకు ఇంకొక చిక్కు ఉంది. సిమ్‌లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, తెలుగు అక్షరానికి సాధారణంగా రెండు బైట్లు కావాలి, పైగా గుణింతపు గుర్తులూ ఒత్తులూ విడి అక్షరాలుగా లెక్కకు వస్తాయి. ఆ కారణంగా కొంచెం పొడవైన తెలుగు పేరు సిమ్‌లోకి వెళ్ళేసరికి సగంలో తెగిపోతుంది. తెగిన ఆ పేరును తిరిగి ఫోన్‌లోకి దిగుమతి చేసుకున్నప్పుడు అది మరొక మనిషిలా జాబితాలో చేరుతుంది. ఫోన్ మార్చిన ప్రతిసారీ సిమ్ నుంచి దిగుమతి చేసుకుంటూ వచ్చినవారి జాబితాలో ఇలాంటి తెగిన పేర్లు తప్పక కనిపిస్తాయి. ఐఫోన్‌లో సిమ్‌కు పేర్లను సేవ్ చేసే వీలే లేదు, దాని నుంచి తెచ్చుకోవడం మాత్రమే కుదురుతుంది. ఇది మంచి కట్టుబాటు అనే నా అభిప్రాయం.

ఏ ఒక్క పేరునూ ముట్టుకోకముందే మొత్తం జాబితాను ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును ఫోన్‌లో కాకుండా వేరే చోట దాచాలి. వీసీఎఫ్ అనే పొడిగింపుతో వచ్చే ఈ ఫైలు వీకార్డ్ పద్ధతిలో ఉంటుంది. యాపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎమ్, సీమెన్స్ సంస్థలు కలిసి 1995లో ప్రతిపాదించిన ఈ పద్ధతి, 2011లో వచ్చిన 4.0 వెర్షన్ దాకా అనేక మార్పులు పొందినా, మూలంలో అది మామూలు పాఠం ఫైలే. ఏ టెక్స్ట్ ఎడిటర్‌తోనైనా తెరిచి చదవవచ్చు. కొన్ని ఫోన్లు ఇప్పటికీ పాత 2.1 వెర్షన్‌లోనే ఫైలును తయారుచేస్తాయి. అలాంటి ఫైలును తెరిస్తే తెలుగు పేర్ల స్థానంలో సమానం గుర్తులతో, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిసిన వింత వరుసలు కనిపిస్తాయి. పేర్లు పాడైపోయాయని కంగారు పడనక్కరలేదు, అది ఆ పాత పద్ధతిలో తెలుగు అక్షరాలను భద్రపరిచే తీరు మాత్రమే, తిరిగి దిగుమతి చేసినప్పుడు పేర్లు సరిగానే వస్తాయి. నిజంగా జాగ్రత్త పడవలసింది సీఎస్‌వీ ఫైలు విషయంలో, అంటే వివరాలను కామాలతో విడదీసి పట్టికలా రాసే ఫైలు విషయంలో. కంప్యూటర్‌లో వరుసగా దిద్దుకోవచ్చన్న ఆశతో దానిని స్ప్రెడ్‌షీట్‌లో నేరుగా తెరిస్తే, నంబరు ముందున్న సున్నా, ప్లస్ గుర్తు ఎగిరిపోవచ్చు, పొడవైన నంబరు దశాంశాలతో కుదించిన రూపంలోకి మారిపోవచ్చు. ఆ స్థితిలో సేవ్ చేస్తే అసలు నంబరును తిరిగి రాబట్టే దారి ఉండదు. నంబర్ల నిలువు వరుసను ముందుగా టెక్స్ట్‌గా నిర్ణయించి, తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌ను ఎంచుకుని దిగుమతి చేసుకున్న తరువాతే దానిని ముట్టుకోవాలి.

నంబర్ల రూపం గురించి తక్కువ మాటల్లోనే చెప్పవచ్చు. ప్రతి నంబరూ ప్లస్ గుర్తుతో, దేశపు కోడ్‌తో మొదలవ్వాలి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వారి ఈ.164 ప్రమాణం ప్రకారం దేశపు కోడ్‌తో కలిపి ఏ నంబరుకైనా 15 అంకెలకు మించి ఉండవు. విదేశాలకు ఫోన్ చేసేటప్పుడు ముందుగా నొక్కవలసిన అంకెలు దేశాన్ని బట్టి మారతాయి, చాలా దేశాల్లో అవి 00 అయితే ఉత్తర అమెరికాలో 011. ప్లస్ గుర్తు పెట్టి దాచుకున్న మొబైల్ నంబరు ఏ దేశంలో ఉన్నా అలాగే పనిచేస్తుంది. ఒకే నంబరు ఒక చోట సున్నాతో, ఒక చోట సున్నా లేకుండా, మరొక చోట దేశపు కోడ్‌తో ఉండడం వల్ల పుట్టే నకళ్ళను ఇలా ఒకే రూపంలోకి తెచ్చిన తరువాత గుర్తించడం కూడా తేలిక అవుతుంది.

ఇక పేర్లు. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అసలైన శ్రమ, అసలైన ప్రయోజనం రెండూ ఇక్కడే ఉన్నాయి. నంబరు సేవ్ చేసే క్షణంలో ఆ మనిషి మన ఎదురుగా ఉంటాడు గనుక ‘శ్రీను’ అని రాసుకుంటే చాలనిపిస్తుంది. రెండేళ్ళు గడిచాక అదే పేరుతో ముగ్గురు ఉంటారు, వారిలో ఎవరు ఎవరో మనకు ఏ ఆధారమూ మిగలదు. ప్రతి పేరుకూ ఒక ఆనవాలు కావాలి, ఆ ఆనవాలు కాలంతో మారనిదై ఉండాలి. ‘కొత్త మేనేజరు’, ‘పక్కింటి అన్నయ్య’, ‘పాప స్కూలు టీచరు’ అన్నవి ఆ రోజుకు చక్కగా సరిపోయే మాటలే, కాని మేనేజరు మారతాడు, మనం ఇల్లు మారతాం, పాప తరగతులు దాటి వెళ్ళిపోతుంది. మనిషి పేరును పేరు స్థానంలో, సంస్థను సంస్థ కోసం ఉన్న గడిలో, పరిచయమైన సందర్భాన్ని నోట్స్ గడిలో రాసుకుంటే, ఈ మూడింటిలో ఏ ఒక్కటి గుర్తుకొచ్చినా మిగతా రెండూ వెతుకులాటలో బయటపడతాయి. ఆ గడులు కార్డులో మొదటినుంచీ ఉన్నాయి. వాటిని ఖాళీగా వదిలి, అన్నింటినీ పేరు గడిలోనే కుక్కడం వల్లనే సగం గందరగోళం పుడుతోంది.

తెలుగు లిపిలో పేర్లు రాసుకునేవారికి వచ్చే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. ఫోన్‌కు ‘లక్ష్మి’ అని తెలుగులో రాసిన పేరు, అదే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసినది రెండూ సంబంధం లేని మాటలు. నకళ్ళను వెతికే సాధనం పేర్ల పోలికతో వాటిని కలపలేదు. ఒక లిపిలో వెతికితే రెండో లిపిలో ఉన్నది దొరకదు. అక్షర క్రమంలో కూడా ఇంగ్లీషు పేర్లు ఒక గుంపుగా, తెలుగు పేర్లు ఒక గుంపుగా విడిపోతాయి. అలాగని తెలుగును వదులుకోవాలని నేను అనను. మన వాళ్ళ పేర్లు మన అక్షరాల్లో చూసుకోవాలన్న కోరిక సహజమైనది, ఫోన్ మోగినప్పుడు తెర మీద అచ్చ తెలుగులో పేరు కనిపించడం నాకు ఎంతో ఇష్టం. పేరును తెలుగులో రాసి, కార్డులోనే ఉండే ఉచ్చారణ గడిలో అదే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఈ రెండు అవసరాలూ తీరతాయి. ఆ గడి మొదట కనిపించదు, మరిన్ని వివరాలు చూపించమని నొక్కినప్పుడో, కొత్త గడిని చేర్చినప్పుడో వస్తుంది. ముందు తరచుగా మాట్లాడే ఇరవై ముప్పై మందికి ఇలా చేస్తే చాలు, మిగతావారివి అవసరం పడినప్పుడు దిద్దుకోవచ్చు.

ఇంత అయిన తరువాతే నకళ్ళను కలపడం. గూగుల్ కాంటాక్ట్స్‌లో మెర్జ్ అండ్ ఫిక్స్ అన్న విభాగం, 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి ఐఫోన్ కాంటాక్ట్స్ యాప్‌లో నకళ్ళు కనబడ్డాయన్న సూచన, ఈ పనికి ఉన్నాయి. రెండింటిలోనూ అన్నింటినీ ఒకేసారి కలిపివేసే బటన్ ఉంటుంది. దాని జోలికి వెళ్ళకపోవడం మంచిది. ఒకే పేరున్న ఇద్దరు మనుషులను, ఒకే ఇంటి ఫోన్‌ను పంచుకునే తండ్రీకొడుకులను, ఒకే మెయిల్ చిరునామా వాడే దంపతులను కూడా ఆ సాధనం ఒకరిగానే భావించవచ్చు. కలిపిన కార్డులో రెండు నంబర్లు పక్కపక్కనే చేరిపోయాక, ఏది ఎవరిదో తేల్చడం అంతకుముందు కంటే కష్టం. ఒక్కొక్క సూచననూ తెరిచి, నంబర్లు చూసి, నమ్మకం కుదిరితేనే కలపాలి. పొరపాటు జరిగినా సరిదిద్దుకునే దారులు ఉన్నాయి. గూగుల్ ఖాతాలో తొలగించిన కాంటాక్టు 30 రోజుల పాటు చెత్తబుట్టలో ఉంటుంది, మొత్తం జాబితాను గడిచిన 30 రోజుల్లోని ఏ స్థితికైనా వెనక్కు తీసుకువెళ్ళవచ్చు. ఐక్లౌడ్ వెబ్‌సైటులో కూడా పాత ప్రతిని తిరిగి తెచ్చుకునే వీలుంది, అయితే ఆ ప్రతి ఇప్పటి జాబితా స్థానంలోకి వస్తుందని గుర్తుంచుకోవాలి. సిమ్‌లో, ఫోన్ మెమరీలో మాత్రమే ఉన్న పేర్లకు ఈ రక్షణ వర్తించదు గనుకనే ముందుగా అన్నింటినీ ఒక ఖాతాలోకి తేవాలని చెప్పాను.

తొలగింపుకు నేను పాటించే కొలమానం ఒక్కటే: ఈ నంబరు నుంచి ఫోన్ వస్తే, ఎత్తే ముందు అది ఎవరిదో తెలియడం నాకు అవసరమా? అవసరమైతే ఆ పేరు ఉండాలి, నేనుగా ఆ మనిషికి ఎన్నడూ ఫోన్ చేయకపోయినా సరే. ఏళ్ళ తరబడి మాట్లాడలేదన్నది తొలగించడానికి కారణం కాదు. చాలాకాలం తరువాత పలకరించిన పాత స్నేహితుడిని ‘ఎవరండీ?’ అని అడగవలసి రావడం కంటే జాబితా మరికొంత పొడవుగా ఉండడం నయం. మాట్లాడదలచుకోని వారి నంబర్లు కూడా ఈ కొలమానం ప్రకారం ఉండదగినవే, ఎందుకంటే పేరు కనిపిస్తేనే ఎత్తకుండా ఉండగలం. బ్లాక్ చేసిన నంబర్ల జాబితా వేరుగా ఉంటుంది గనుక కాంటాక్టును తీసివేసినంత మాత్రాన ఆ నిషేధం తొలగిపోదు. ఒక వస్తువును ఇంటికి తెచ్చి ఇచ్చినవారు, ఒక్కసారి ప్రయాణానికి పిలిచిన డ్రైవరు, ఎప్పుడో ముగిసిపోయిన పని కోసం కలిసిన ఏజెంటు, ఇలాంటి నంబర్లు నిస్సంకోచంగా వెళ్ళిపోవచ్చు.

పాత నంబర్లను ఊరికే వదిలేయడంలో చాలామంది గమనించని ప్రమాదం ఉంది. ఎవరైనా వదిలేసిన నంబరును టెలికాం సంస్థలు కొంత వ్యవధి తరువాత మరొకరికి ఇస్తాయి. అమెరికాలో పునఃకేటాయించిన నంబర్లను సరిచూసుకోవడానికి 2021లో ప్రత్యేకంగా ఒక డేటాబేస్‌నే ప్రారంభించారంటే ఇది ఎంత సాధారణంగా జరుగుతుందో ఊహించవచ్చు. అదే సంవత్సరం ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కొత్తవారికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న 259 నంబర్లను పరిశీలిస్తే, 171 నంబర్లకు ప్రసిద్ధ వెబ్‌సైట్లలో పాత యజమానుల ఖాతాలు ఇంకా ముడిపడి ఉన్నాయి. మన జాబితాతో దీనికి సంబంధం ఏమిటంటే, వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫోటోను ‘నా కాంటాక్టులకు మాత్రమే’ చూపించమని పెట్టుకున్నప్పుడు, ఆ హద్దును నిర్ణయించేది మన ఫోన్‌లో సేవ్ అయి ఉన్న నంబర్లే. పాత సహోద్యోగి వదిలేసిన నంబరు ఇప్పుడు అపరిచితుడి చేతిలో ఉంటే, ఆ అపరిచితుడు మన కాంటాక్టుల్లో ఒకడే అవుతాడు. పాత పేరు పక్కన కొత్త ముఖం కనిపించినప్పుడు, ఆ నంబరును వెంటనే ఆ కార్డు నుంచి తీసివేయాలి. అసలు మనిషి వివరాలు కావాలనుకుంటే కార్డును ఉంచి నంబరును మాత్రమే తీసివేయవచ్చు.

కన్నుమూసిన వారి నంబర్ల విషయంలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి, అందులో సలహా చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఉంచుకోవాలనుకునేవారికి ఉపయోగపడే ఒక పద్ధతిని మాత్రం చెబుతాను. కార్డును, ఫోటోను, పేరును అలాగే ఉంచి, నంబరును ఫోన్ గడి నుంచి తీసి నోట్స్ గడిలోకి మార్చితే, యాప్‌లు దానిని ఫోన్ నంబరుగా లెక్కించవు. ఆ నంబరు రేపు మరొకరికి వెళ్ళినా, అమ్మ పేరు కింద ఎవరో తెలియని మనిషి ఫోటో, ఫలానావారు కొత్తగా చేరారన్న సందేశం మన ముందుకు రావు. అయితే ఇలా మార్చిన తరువాత పాత సంభాషణల పైన పేరుకు బదులు నంబరు కనిపిస్తుంది. అది బాధ కలిగించేదైతే, ముందుగా ఆ సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవాలి.

మన జాబితాలో ఉన్నవి మన వివరాలు కావన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రతి నంబరునూ ఒక మనిషి మనల్ని నమ్మి ఇచ్చాడు. పాత్ అనే సామాజిక యాప్ వాడుకరుల కాంటాక్టుల జాబితాను అనుమతి లేకుండా తన సర్వర్లకు చేర్చుకుంటోందని 2012లో బయటపడింది. అదే ఏడాది ఐఓఎస్ 6 నుంచి యాపిల్, 2015లో ఆండ్రాయిడ్ 6.0 నుంచి గూగుల్, కాంటాక్టులను చూసే ముందు ప్రతి యాప్ అనుమతి అడగాలన్న నియమాన్ని తెచ్చాయి. 2024లో వచ్చిన ఐఓఎస్ 18లో, జాబితా మొత్తం కాకుండా ఎంచుకున్న కొందరిని మాత్రమే ఒక యాప్‌కు చూపించే వీలు కూడా కలిగింది. జాబితాను సర్దే రోజునే సెట్టింగ్స్‌లో ఈ అనుమతుల పేజీని తెరిచి, ఆటలకు, ఫోటోలు దిద్దే యాప్‌లకు ఇచ్చిన అనుమతిని తీసివేయడం ఎంతో అవసరం. బ్యాంకు కార్డు పిన్ నంబరును, పాస్‌వర్డును ఒక కాంటాక్టు పేరుతో దాచుకునే అలవాటు చాలామందికి ఉంది. అనుమతి ఉన్న ప్రతి యాప్‌కూ అది కనిపించవచ్చు గనుక వాటిని తప్పకుండా తీసివేయాలి.

పెద్దవాళ్ళ ఫోన్లను సర్దిపెట్టే పని కూడా ఇంట్లో ఎవరో ఒకరి మీద పడుతుంది. అక్కడ పైన చెప్పిన వాటిలో సగానికి పైగా వదిలేయాలి. వాళ్ళు పేరును అక్షరాలుగా చదవకపోవచ్చు. జాబితాలో దాని స్థానాన్ని బట్టి, దాని ఆకారాన్ని బట్టి, పక్కనున్న బొమ్మను బట్టి గుర్తుపడతారు. మనకు తప్పుగా కనిపించే పేరును దిద్దితే వాళ్ళకు ఆ మనిషి కనిపించకుండా పోయినట్టే. పక్కన కూర్చుని, ఒక్కొక్క పేరూ చదివి వినిపించి, ఉంచమంటే ఉంచాలి, తీసేయమంటే తీసేయాలి. మనంతట మనం చేయదగినవి మూడే ఉన్నాయి: జాబితాను బ్యాకప్ చేయడం, నంబర్ల ముందు దేశపు కోడ్ చేర్చడం, తాళం వేసి ఉన్న తెర మీది నుంచే ఎవరైనా చూడగలిగేలా అత్యవసర కాంటాక్టులను నింపడం. ఈ మూడో దానిని ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లోని మెడికల్ ఐడీలో, ఆండ్రాయిడ్‌లో అత్యవసర సమాచారం అన్న విభాగంలో నింపాలి. నింపిన తరువాత ఫోన్‌కు తాళం వేసి, అక్కడి నుంచి ఆ పేరు మీద నొక్కితే నిజంగా ఫోన్ వెళ్తోందో లేదో వాళ్ళ ఎదుటే ఒకసారి పరీక్షించి చూపించాలి.